మ్యూట్ చేసిన పులి

ఈ సంచికకి "మీ ఊరి గురించి ఏదైనా రాయండి" అని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను బెల్లం గురించి రాద్దామనుకున్నాను. అనకాపల్లి వాడు ఇంకేం రాస్తాడు చెప్పండి! మార్కెట్ యార్డులో బెల్లం దిమ్మలు, నూకాలమ్మ జాతర, బొజ్జన్నకొండ, శారదా నది, 2022 ఏప్రిల్ 4న మా ఊరు జిల్లా కేంద్రం అయిన రోజు మా వీధిలో కాల్చిన టపాసులు. రెండు పేజీలు సులువుగా నిండిపోయేవి.

రాయడానికి కూర్చుంటే మాత్రం వేరే విషయం అడ్డం పడింది. అది రాస్తే తప్ప బెల్లం సంగతి ముందుకి కదిలేట్టు లేదు. అందుకని అదే రాస్తున్నాను. ఇందులో నాకు మంచి పేరు వచ్చేదేమీ లేదు, ముందే చెప్తున్నా.

సెకండియర్‌లో మనందరం ఒక మినీ ప్రాజెక్ట్ చేశాం గుర్తుందా? సగం మంది స్మార్ట్ డస్ట్‌బిన్, పావు మంది ఆటోమేటిక్ మొక్కల నీళ్ళు. నేను ఇంటికి దొంగల అలారం చేశాను. ఒక ఈఎస్‌పీ32 క్యామ్ బోర్డు, ఒక పీఐఆర్ సెన్సర్, ఒక పాత ఫోన్ ఛార్జర్, ఒక బిస్కెట్ డబ్బా. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయల లోపే. మనిషి కదిలితే సెన్సర్ పసిగడుతుంది, బోర్డు ఫోటో తీస్తుంది, టెలిగ్రామ్ బాట్ ద్వారా నా ఫోన్‌కి పంపుతుంది. డెమో రోజు మా హెచ్‌ఓడీ గారు సెన్సర్ ముందు నడిచి, నా ఫోన్‌లో ఆయన ఫోటో ఆయనే చూసుకుని నవ్వారు. మార్కులు బాగానే పడ్డాయి.

పీఐఆర్ సంగతి సర్క్యూట్ బ్రాంచీల వాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. అది ఏ కిరణాల్నీ బయటికి పంపదు, ఊరికే చూస్తూ కూర్చుంటుంది. మన ఒంటి వేడి నుంచి పరారుణ కిరణాలు వస్తుంటాయి, వాటి తరంగదైర్ఘ్యం తొమ్మిది పది మైక్రోమీటర్ల దగ్గర ఎక్కువ. సెన్సర్ లోపల రెండు ముక్కలు పక్కపక్కన ఉంటాయి. పైన గోళీలా కనపడే తెల్ల ప్లాస్టిక్ లెన్స్ గదిని పట్టీలు పట్టీలుగా విడగొడుతుంది. వేడి మనిషి ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి నడిచినప్పుడు రెండు ముక్కల మధ్య తేడా పుడుతుంది. ఆ తేడానే సిగ్నల్. మనిషి కదలకుండా నిలబడితే దానికి కనపడడు. ఎండాకాలం మన వైపు గోడలు కూడా ఒంటి వేడికి దగ్గరగా కాగిపోయినప్పుడు తేడా తగ్గి, దాని చూపు మందగిస్తుంది.

ప్రాజెక్ట్ అయిపోయాక దాన్ని అటకెక్కించకుండా ఇంటికి పట్టుకెళ్ళాను. మాది మేడ ఉన్న పాత ఇల్లు. హాల్లోంచే మేడ మీదికి మెట్లు. హాలూ మెట్లూ రెండూ కనపడేలా ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బా పెట్టి, దానికి చిన్న కన్నం చేశాను. నాన్న కింద నిలబడి, "ఏట్రా ఇది, నిజంగా పని చేస్తదా?" అన్నారు. "నువ్వు చూస్తూ ఉండు నాన్నా" అన్నాను.

పని చేసింది. చాలా ఎక్కువగా చేసింది.

మొదటి రాత్రి 38 ఫోటోలు వచ్చాయి. అన్నీ ఖాళీ హాలు. రెండో రాత్రి 41. ఒక ఫోటోలో మూలగా బల్లి తోక కనపడింది. దాంతో దొంగ దొరికాడు అనుకున్నాను. బల్లి ఒంట్లో మనలా వేడి ఉండదు, అయినా లెన్స్ మీదే పాకితే సెన్సర్ తడబడొచ్చు. నాన్నమ్మతో చెప్తే ఆవిడ చీపురు పుచ్చుకుని ఆ బల్లిని రెండు రోజులు తరిమింది. బల్లి పోయింది. ఫోటోలు పోలేదు. సెన్సర్ వెనక ఉండే చిన్న స్క్రూతో సున్నితత్వం తగ్గించాను. కొంచెం తగ్గాయి. ఫ్యాన్ గాలికి కర్టెన్ ఊగుతోందేమో అని కర్టెన్ కట్టేశాను. మళ్ళీ పెరిగాయి.

నేను హాస్టల్‌కి వచ్చేశాక రాత్రుళ్ళు ఫోన్ దిండు కింద కొట్టుకుంటూనే ఉండేది. రూమ్మేట్ ఒకరోజు రెండు చేతులూ జోడించి, "అన్నా, నీ ఇంటి హాలు నాకు కలలోకి వస్తోంది, ఆపరా బాబూ" అన్నాడు. ఆ రాత్రే బాట్‌ని మ్యూట్ చేశాను. పగలు ఖాళీ ఉన్నప్పుడు ఒకసారి స్క్రోల్ చేసి చూసేవాణ్ణి. తర్వాత అదీ మానేశాను.

చిన్నప్పుడు అందరం చదివిన నాన్నా పులి కథలో పిల్లాడు అబద్ధం ఆడి ఆడి చెడ్డాడు. నా కథలో అరిచేది నా ప్రాజెక్టు, విననిది నేను. ఇంజినీరింగ్‌లో దీనికి అలారం ఫెటీగ్ అని పేరుంది. ఆసుపత్రి ఐసీయూల్లో మానిటర్లు రోజంతా కూస్తుంటే నర్సుల చెవులు అలవాటు పడిపోతాయి. అలాంటిదే ఇదీ. నెలకి వెయ్యి అలారాలు వచ్చి ఒక్కదానిలోనూ దొంగ లేకపోతే, వెయ్యిన్నొకటోది కూడా ఉత్తిదే అని మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. దొంగలు పడిన ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు అంటారు గానీ, ఆ ఆర్నెల్ల ముందు నుంచీ ఆ కుక్క రోజూ మొరుగుతూ ఉండి ఉంటుందేమో, ఎవరూ లేచి చూసి ఉండరు అని నాకిప్పుడు అనుమానం.

2025 ఫిబ్రవరిలో పలాస వైపు మా చుట్టాలింట్లో పెళ్ళి. అమ్మ, నాన్న, నాన్నమ్మ మూడు రోజులు వెళ్ళాలి. నాకు మిడ్స్. నాన్నతో పనిచేసే ఒకాయన చెప్పాడట, "ఇల్లు తాళం వేసి వెళ్తున్నారు కదా, పోలీసు వాళ్ళ ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో పెట్టించుకోండి" అని. లాక్డ్ హౌస్ మోనిటరింగ్ సిస్టమ్. 2017 ప్రాంతంలో మన రాష్ట్రంలో పోలీసులు మొదలుపెట్టిన పద్ధతి. ఫోన్‌లో ఆప్ వేసుకుని వివరాలు నమోదు చేసి, ఊరెళ్ళే తేదీలు చెప్తే, వాళ్ళు వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు. మనం లేనప్పుడు ఎవరైనా లోపలికొస్తే కంట్రోల్ రూమ్‌కి అలర్ట్ వెళ్తుంది, అక్కడి నుంచి దగ్గర్లో ఉన్న పోలీసులకి. మనం వచ్చాక కెమెరా తీసుకెళ్ళిపోతారు. డబ్బులేం ఉండవు.

నాన్న ఫోన్ చేసి, "ఆ ఆప్ ఎలా వేసుకోవాల్రా?" అని అడిగారు. నేను నవ్వి అన్నమాట ఇదీ: "ఎందుకు నాన్నా, మన సిస్టమ్ మనకుంది కదా. నేను చూసుకుంటా."

వాళ్ళ పద్ధతికీ నాదానికీ లోపల సూత్రం దాదాపు ఒకటే. తేడా ఒక్కటే, అక్కడ అలారం మోగితే మేలుకుని ఉండి చూడటం ఒకరి డ్యూటీ. ఆ తేడా నాకు అప్పట్లో తేడాలా కనపడలేదు.

మా ఇంట్లో పదకొండేళ్ళుగా పని చేస్తున్నావిణ్ణి మేము అప్ప అని పిలుస్తాం. మా వైపు అప్ప అంటే అక్క. నేను మూడో క్లాసులో ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో అంట్లు తోమి, వాకిలి ఊడ్చి, నాన్నమ్మ కాళ్ళకి నూనె రాసి పోయే మనిషి. వాళ్ళబ్బాయి బెల్లం మార్కెట్లో కళాసీ. ముందు తలుపుకి బయట పెద్ద తాళం వేశారు. పెరటి తలుపుకి ఉన్నది లోపల నుంచి నాబ్ తిప్పితే తెరుచుకునే తాళం, బయటి నుంచి అయితే చెవి కావాలి. ఆ చెవి ఎప్పట్లాగే అప్పకి ఇచ్చారు, మొక్కలకి నీళ్ళు పొయ్యడానికీ, సాయంత్రం దీపం పెట్టడానికీ.

రెండో రాత్రి దొంగతనం జరిగింది. పొద్దున్న కళ్ళాపి జల్లడానికి వచ్చిన అప్పే చూసింది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. తాళం పగల్లేదు, తలుపు మీద గీత కూడా లేదు. లోపల బీరువా వంచేసి ఉంది. నాన్నమ్మ నాలుగు తులాల నాను, అమ్మ గాజులు రెండు, పద్దెనిమిది వేల రూపాయలు పోయాయి. నాను అంటే తాతయ్య బెల్లం అమ్మిన డబ్బులతో ఒక్కో కాసూ కూడబెట్టి చేయించింది. పెళ్ళికి పెట్టుకెళ్ళమని అమ్మ ఎంత బతిమాలినా, దారిలో పోతుందని భయపడి ఇంట్లో దాచిన మనిషి మా నాన్నమ్మ.

ఆరూ నలభైకి నాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, ఇంట్లో దొంగలు పడ్డార్రా. నీ కెమెరాలో ఏమైనా పడిందా?"

ఆ మాట పూర్తయ్యేలోపే ఫోన్ చెవి దగ్గరి నుంచి తీసి టెలిగ్రామ్ తెరిచాను. చదవనివి 43. పైకి జరిపాను. ఖాళీ హాలు, ఖాళీ హాలు, ఖాళీ హాలు. రెండు గంటల పద్నాలుగు నిమిషాలకి ఒక ఫోటో. జీరో బల్బు వెలుతురు, మసక మసకగా, గింజలు గింజలుగా ఉంది. కానీ మనిషే. మంకీ క్యాప్, నిక్కరు, భుజానికి సంచి. మా మెట్లు దిగుతున్నాడు. ఇంకో మెట్టు దిగితే హాల్లో ఉంటాడు. రెండూ ముప్ఫై ఏడు దాకా అలాంటివి ఆరు ఉన్నాయి. ఇరవై మూడు నిమిషాలు. మిడ్స్‌కి చదువుతూ నేను ఆ రాత్రి మూడింటి దాకా మేలుకునే ఉన్నాను. ఫోన్ నా పుస్తకం పక్కనే, బోర్లా పడుకుని ఉంది.

ఫోన్లో నాన్న, "హలో, హలో" అంటున్నారు.

"లేదు నాన్నా," అన్నాను. "రాత్రి నెట్ పోయినట్టుంది."

ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు. తెలియదని రాస్తే ఇదంతా రాయడం దండగ. ఆ ఫోటో చూపిస్తే పక్కనే టైమ్ ఉంటుంది. టైమ్ ఉంటే నువ్వేం చేస్తున్నావు అన్న ప్రశ్న వస్తుంది. పోయిన బంగారం ఎలాగూ పోయింది, నా పరువైనా మిగుల్చుకుందామనుకున్నాను. ఆ క్షణంలో నాకు తోచిన లెక్క అంతే. ఆ లెక్కలో ఇంకో మనిషి ఉందని తోచలేదు.

సాయంత్రానికి ఇంటికి చేరాను. క్లూస్ టీమ్ వచ్చి బీరువా మీద పొడి జల్లి వేలిముద్రలు తీసుకుంది. అందరి చూపూ పెరటి తలుపు మీదే ఉంది. పగలని తాళం అంటే చెవితో తీసిన తాళం. చెవి ఎవరి దగ్గరుంది? మేడ తలుపు సంగతి వాళ్ళు అడిగితే, "అది గడియ పెట్టే ఉంటుందండీ" అని మేమే చెప్పాం, పైకెళ్ళి చూడకుండానే. చూసినా దగ్గరికి వేసినట్టే కనపడేది. వీధిలో వాళ్ళు అమ్మని పక్కకి పిలిచి గుసగుసలు మొదలెట్టారు. "ముందు చూసింది అదే కదమ్మా." "కొడుక్కి అప్పులున్నాయట." "పదకొండేళ్ళ నమ్మకం అంటే, ఇల్లంతా తెలిసినట్టే కదా." అమ్మ మొదట గట్టిగా కాదంది. రెండో రోజుకి ఏమీ అనకుండా ఊరుకుంది. నాన్నమ్మ ఒక్కర్తే, "దాని మీద పడకండర్రా" అని మంచం మీంచి అరుస్తూ ఉంది. పోయింది ఆవిడ నానే.

ఎఫ్‌ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత 331(4), 305 సెక్షన్లు రాశారు. ఒకటి రాత్రి పూట ఇంట్లోకి దొంగచాటుగా చొరబడటం, రెండోది నివాసంలో దొంగతనం. 2024 జులై 1కి ముందైతే ఇవే 457, 380. సెక్షన్లు చదివాను, బీఎన్‌ఎస్ పీడీఎఫ్ దించుకుని మరీ చదివాను. నా జేబులో ఉన్నది చూపించడం తప్ప అన్నీ చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం పోయిన వస్తువుల జాబితా ఇవ్వడానికి నాన్నని బండి మీద స్టేషన్‌కి తీసుకెళ్ళాను. ఆవరణలో చెట్టు కింద బెంచీ మీద అప్ప కూర్చుని ఉంది. పక్కన వాళ్ళబ్బాయి. ఇద్దరినీ పొద్దున్నే పిలిపించారట. అది రెండోసారి. ఆ అబ్బాయికి మార్కెట్ సీజన్‌లో రెండు రోజుల కూలి పోయింది. అప్ప ఒళ్ళో గుడ్డసంచి, అందులో టిఫిన్ డబ్బా ఉంది. మధ్యాహ్నం దాకా ఉంచుతారని ముందే అనుకుని తెచ్చుకున్నట్టుంది.

నాన్న తల దించుకుని లోపలికెళ్ళారు. నేను బండి స్టాండ్ వేస్తున్నాను. అప్ప నన్ను చూసి లేచి నిలబడింది.

"బావూ, పరీచ్చలు బాగా రాసినావా?" అంది.

నేను ఏదో అందామని నోరు తెరిచాను, మాట రాలేదు. లోపలికెళ్ళి, నాన్న జాబితా చదివి వినిపిస్తుంటే మధ్యలో ఫోన్ తీసి ఎస్‌ఐ గారి బల్ల మీద పెట్టాను. "సార్, ఇవి రాత్రి రెండూ పద్నాలుగుకి వచ్చాయి. నేను అబద్ధం చెప్పాను."

ఆయన నన్ను తిట్టలేదు. చాలాసేపు ఆ మొదటి ఫోటో పెద్దది చేసి చూసి, ఒక్కటే అడిగారు. "ఈ మెట్లు ఎక్కడికి వెళ్తాయి?"

అరగంటలో మా మేడ మీద ఉన్నాం. తలుపు పైన గాలి కోసం వదిలిన వెంటిలేటర్‌లో ఒక ఊచ ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. ఆ సందులో దుమ్ము మీద చెయ్యి రాసుకున్న జాడ స్పష్టంగా ఉంది. చెయ్యి లోపలికి దూర్చి గడియ తీశాడు, లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు, మెట్లు దిగాడు, పని కానిచ్చి పెరటి తలుపు నాబ్ లోపలి నుంచి తిప్పుకుని వెళ్ళిపోయాడు. చెవితో పనే లేదు. పక్క మేడకీ మా మేడకీ మధ్య ఉన్నది నాలుగడుగుల సందు.

ఆ సాయంత్రమే అప్పనీ వాళ్ళబ్బాయినీ పంపించేశారు. నన్ను మాత్రం ఫోన్లో ఆ ఫోటోలు చెరపొద్దనీ, వాట్సాప్‌లో ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యొద్దనీ చెప్పారు. ఇక్కడ సీఎస్‌ఈ వాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటుంది. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో ఇవ్వాలంటే దానితో ఒక సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఫైల్ హాష్ విలువ రాయాలి. మనం క్రిప్టోగ్రఫీ క్లాసులో నిద్రపోతూ విన్న షా-256 అక్కడ కనపడింది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హాష్ మారిపోతుంది. అంటే నేను మూడు రోజులు నోరు మూసుకున్నా ఆ ఫోటో మారలేదు. మారింది వేరే.

తిరిగొస్తూ నాన్న టీ కొట్టు దగ్గర బండి ఆపమన్నారు. రెండు టీలు చెప్పారు. తాగినంతసేపూ ఏమీ మాట్లాడలేదు. గ్లాసు కింద పెడుతూ, "ఆ పోలీసోళ్ళ ఆప్ ఫ్రీయే కదరా," అన్నారు. ఆ విషయం మీద ఆయన ఇప్పటిదాకా అన్నది ఆ ఒక్క మాటే.

తర్వాత నాన్న నాలుగు కెమెరాలు బిగించారు. ఈసారి నేను పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను, నేర్చుకున్నవి కొన్ని చెప్తాను, మీ ఇళ్ళకీ పనికొస్తాయి.

అమ్మేవాళ్ళు మెగాపిక్సెళ్ళ గురించి చెప్తారు, నిల్వ గురించి చెప్పరు. రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా సెకనుకి రెండు మెగాబిట్లు రాస్తుందనుకోండి, రోజుకి దాదాపు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకి 86 జీబీ పైన. ఒక టీబీ హార్డ్ డిస్క్ పదకొండు రోజులకి నిండిపోయి పాతది తుడుచుకుంటూ పోతుంది. రెండు వారాలు ఊరెళ్ళి వచ్చేవాళ్ళకి మొదటి రోజు దొంగతనం అందులో దొరకదు. డీవీఆర్ టీవీ కింద పెడితే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు, అందుకని దాన్ని వేరే చోట దాచాలి. రాత్రి చూపు కోసం కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్ల దగ్గరికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, గూడు మీద కాంతి పడి తెర అంతా తెల్లబడుతుంది. వారానికోసారి గుడ్డ పెట్టి తుడవాల్సిందే.

అన్నిటికంటే ముందు పాస్‌వర్డ్ మార్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ప్రపంచమంతా ఇళ్ళల్లో ఉన్న కెమెరాల్లోకీ డీవీఆర్‌లలోకీ దూరింది. తాళాలు పగలగొట్టి కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్ పాస్‌వర్డులు ఓ అరవై దాకా వరసగా వేసి చూసి. అక్టోబర్ 21న ఆ కెమెరాలన్నిటి చేతా ఒక్కసారిగా డిన్ అనే కంపెనీ సర్వర్ల మీద దాడి చేయిస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మొరాయించాయి. ఇల్లు కాయమని పెట్టుకున్న కెమెరాలే దొంగలతో చేతులు కలిపాయన్నమాట. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి అమ్మే సీసీ కెమెరాలకి కేంద్రం సెక్యూరిటీ పరీక్షలు తప్పనిసరి చేసింది. మనం మాత్రం అడ్మిన్, అడ్మిన్ అని పెట్టుకుంటే ఏ పరీక్షా ఏమీ చెయ్యలేదు.

ఇంకొకటి చదివి చాలాసేపు ఆగిపోయాను. ఇంటికి కెమెరా కాపలా అన్న ఆలోచనకి పేటెంట్ అడిగిన మొదటి వాళ్ళలో ఒకావిడ నర్సు. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండేది. ఆవిడకీ ఆవిడ భర్తకీ వేళాపాళా లేని డ్యూటీలు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు కొడితే భయం, పోలీసులు రావడం ఆలస్యం. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరూ కలిసి తలుపుకి కన్నాలు, కదిలే కెమెరా, పడగ్గదిలో టీవీ, మాట్లాడటానికి మైకు, పోలీసులకి కబురందించే మీట, తలుపు తీసే రిమోటు, అన్నీ పెట్టి 1966లో దరఖాస్తు చేశారు. 1969 డిసెంబర్‌లో పేటెంట్ వచ్చింది. ఆవిడ చేసుకున్నది బయట నిలబడ్డది ఎవరో చూసి, మాట్లాడి, అప్పుడు తలుపు తియ్యాలా వద్దా తేల్చుకోవడానికి. చూడటం దాంట్లో సగం పనే. నేను ఆ సగంతో ప్రాజెక్ట్ పూర్తయిందనుకున్నాను.

నా బిస్కెట్ డబ్బా సంగతి కూడా చివరికి తేలింది. బల్లి కాదు, కర్టెన్ కాదు. పీఐఆర్‌ని వైఫై యాంటెన్నాకి రెండు సెంటీమీటర్ల దూరంలో అంటించాను. బోర్డు ఫోటో పంపినప్పుడల్లా ఆ రేడియో తరంగాలకి సెన్సర్ ఉలిక్కిపడి మళ్ళీ సిగ్నల్ ఇచ్చేది, బోర్డు మళ్ళీ ఫోటో తీసేది. తన అరుపుకి తనే బెదిరి మళ్ళీ అరిచేది. వైరు పొడుగు చేసి సెన్సర్‌ని దూరం జరిపితే రాత్రికి ఒకటో రెండో. పది నిమిషాల పని అది. నెల రోజులు నేను బల్లి మీద నేరం మోపుతూ కూర్చున్నాను.

స్టేషన్ నుంచి వచ్చిన మర్నాడు అమ్మా నేనూ అప్ప వాళ్ళింటికెళ్ళాం. అమ్మ క్షమించమని అడిగింది. ఇంకేమీ చెప్పలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను జరిగిందంతా చెప్పాను, మ్యూట్ సంగతి, అబద్ధం సంగతి. అప్ప గుమ్మంలో కూర్చుని విన్నది. అప్పటికే ఆవిణ్ణి ఇంకో రెండిళ్ళలో పని మానిపించేశారు.

"ఆ ఫోటో నాకోటి ఇస్తావా బావూ?" అంది.

నాకు అర్థం కాలేదు. మొహం కనపడదు అప్పా, మంకీ క్యాప్ ఉంది, అన్నాను.

"మొకం నాకెందుకు? మెట్టు మీంచి దిగుతున్నాడు కదా, అది కనపడితే సాలు. ఈదిలో సూపించుకుంటాను."

నేను స్టేషన్‌కెళ్ళి అడిగి, సరే అన్నాక, జిరాక్స్ షాపులో ఆ ఫోటో రెండు కాపీలు తీయించి లామినేషన్ చేయించాను. కలర్ ప్రింటు ఇరవై, లామినేషన్ ముప్ఫై. షాపు కుర్రాడు, "ఏటన్నా ఇది, ఏం కనపడట్లేదు, క్లారిటీ పెంచమంటావా?" అన్నాడు. వద్దన్నాను. మూలన టైమ్ మాత్రం చెరిగిపోకుండా చూడమన్నాను.

మార్చి చివర్లో కొత్త అమావాస్య జాతరకి ఇంటికెళ్ళినప్పుడు నూకాలమ్మ గుడి దారిలో జనంలో అప్ప కనపడింది. కొత్తగా ఒక ఇంట్లో పని దొరికిందట. "చేర్చుకునే ముందు ఆయమ్మ అడిగింది, మరి నీ మీద ఏదో అన్నారు కదా అని. ఇది సూపించాను," అంటూ రేషన్ కార్డు కవరులోంచి ఆ లామినేషన్ తీసి చూపించింది. అంచులు అప్పుడే కొంచెం మడతలు పడ్డాయి. మళ్ళీ జాగ్రత్తగా కవర్లో పెట్టుకుంది.

దొంగ దొరకలేదు. నాను దొరకలేదు. నాన్నమ్మ ఇప్పుడు మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంచుకుంది. కెమెరా వైపు చూసి, "నన్ను కూడా తీస్తాందా ఇది?" అని అడుగుతూ ఉంటుంది. మేడ వెంటిలేటర్‌కి కొత్త ఊచ వేయించాం, దానికి నూట ఎనభై రూపాయలు అయింది. మొన్న మే నెలలో వారం రోజులు ఊరెళ్ళాల్సి వస్తే, ఎల్‌హెచ్‌ఎంఎస్ ఆప్‌లో నాన్న పేరు మీద నేనే నమోదు చేశాను.

పెరటి తలుపు చెవి అమ్మ రెండుసార్లు అప్ప దగ్గరికి పట్టుకెళ్ళింది. అప్ప కూర్చోబెట్టి టీ ఇచ్చింది, నాన్నమ్మ కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. చెవి మాత్రం తీసుకోలేదు. అది ఇప్పుడు ఫ్రిజ్ మీద, బిస్కెట్ డబ్బా పక్కనే ఉంది. రాత్రి ఏదైనా కదిలి ఫోటో వస్తే లేచి చూస్తున్నాను. ప్రతి ఫోటోలోనూ ఓ మూలన ఆ చెవి కనపడుతూ ఉంటుంది.